అంతములేని కూడిక

హైదరాబాదు నగరమునకు తూర్పున, విజయవాడకు పోవు బాటపై, దిల్‌సుఖ్‌నగరు, ఎల్. బి. నగరు అను పేటలు కలవు. ప్రవేశపరీక్షల శిక్షణకై జిల్లాలనుండి వచ్చిన విద్యార్థులు ఈ వీధులలో గదులు అద్దెకు తీసికొని చదువుకొనుచుందురు. అనంతశ్రేణి యనగానే వారికి గుణశ్రేఢి సూత్రము నోటికి వచ్చును: ఒకటినుండి సామాన్యనిష్పత్తిని తీసివేసి, మిగిలినదానిచే మొదటి పదమును భాగింపవలెను. సూత్రము సత్యమే, కాని దానికొక కట్టుబాటు కలదు. అది మరచినచో ఏమగునో చూతము.

ఎల్. బి. నగరునుండి దిల్‌సుఖ్‌నగరునకు ఒకడు నడచుచున్నాడనుకొందము. 2018 సెప్టెంబరులో ప్రారంభమైన మెట్రోరైలుకు ఈ నడుమ విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి అను రెండే మజిలీలు. మన బాటసారికి మాత్రము మజిలీలకు అంతము లేదు. మొదట దారిలో సగము, పిమ్మట మిగిలినదానిలో సగము, మరల అందులో సగము: అర, పావు, అరపావు, వీసము. ప్రతి మజిలీయందును మిగిలిన దూరము అప్పుడే నడచినదానికి సమానము. ఆ శేషము మనము కోరినంత స్వల్పమగును. కావుననే ఈ శ్రేణి మొత్తము ఒకటి యనుచున్నాము. అంతములేని పదములను ఎవ్వరును కూడజాలరు. శేషమును కనిపెట్టియుండుటయే ఇచ్చట కూడిక. కేరళదేశీయుడగు నీలకంఠ సోమయాజి తన ఆర్యభటీయ భాష్యమున పావు, పావులో పావు, అందులో పావు చొప్పున కూడిన మూడవవంతగునని ఇట్లే విచారించెను.

ఇక 1, 2, 4, 8 అను శ్రేణిని చూడుడు. మొత్తము కలదని నమ్మి దానికొక పేరు పెట్టుదము. మొదటి ఒకటి పోగా మిగిలిన పదములు ఆ మొత్తమునకు రెండింతలు. అనగా మొత్తము, ఒకటియు తన రెండింతలును కలిసినదానికి సమానము. లెక్క తేల్చిన ఋణ ఒకటి వచ్చును. సూత్రమును ఈ మాటయే చెప్పును. రూపాయలు కూడబెట్టుచు పోయినవాడు తుదకు ఒక రూపాయి బాకీపడినట్లాయెను! తప్పు గుణకారమున లేదు. లేని మొత్తమునకు పేరు పెట్టుటలో నున్నది. గుర్తును విడిచి చూచినపుడు నిష్పత్తి ఒకటికంటె తక్కువగా నుండవలెననుటయే ఆ కట్టుబాటు.

పదములు క్షీణించిన చాలునా? చాలదు. 1, 1/2, 1/3, 1/4 అను హరాత్మకశ్రేణిలో 1/3, 1/4 కలిసి అరకు మించును; తరువాతి నాలుగు పదములును అరకు మించును; ఆ పై ఎనిమిదియు నంతే. ఇన్ని అరలు చేరగా మొత్తమునకు హద్దుండదు. కాని నడక మిక్కిలి మందము: పదిని దాటుటకే 12,367 పదములు కావలెను.

కొన్ని శ్రేణులకు చక్కని ఉపాయము కలదు. 1/2, 1/6, 1/12, 1/20 అను వానిని చూడుడు. 1/6 అనగా 1/2 నుండి 1/3 తీసివేయగా మిగిలినది. 1/12 అనగా 1/3 నుండి 1/4 తీసివేయగా మిగిలినది. ఇట్లు విడదీసినచో నడిమి పదములన్నియు ఒకదాని నొకటి రద్దుచేసికొనును, మొత్తము ఒకటి.

ఒకటి కూడి, ఒకటి తీసివేయుచు పోయినచో? మొత్తము ఒకమారు ఒకటి, ఒకమారు సున్న, నిలుకడ లేదు. కాని ఆ మొత్తముల సగటులు అరను సమీపించును. ఈ సగటు పద్ధతిని ఇటలీదేశీయుడగు చెజారో 1890లో ప్రతిపాదించెను. హంగరీ గణితజ్ఞుడగు మార్సెల్ రీస్ దానిని విస్తరింపజేసెను. రీస్ పద్ధతిపై 1952లో వెలువడిన ‘టిపికల్ మీన్స్’ అను గ్రంథమును రచించినవారు ఇరువురు: 1920లో బందరున జన్మించిన కె. చంద్రశేఖరన్, వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితము బోధించిన ఎస్. మీనాక్షిసుందరం. ఇది సామాన్యార్థమున మొత్తము కాదు. ఏ అర్థమున మొత్తమో ముందుగా నిర్ణయించి చెప్పినది.

కావున విద్యార్థీ, ‘ఎంత?’ అని అడుగుటకు ముందు ‘కలదా?’ అని అడుగుము. లేదన్నచో, ‘ఏ అర్థమున?’ అని అడుగుము. సూత్రము ఈ ప్రశ్నల తరువాత రావలసినది.