నక్షత్రవిద్య – జీవనోపాధి



“చుక్కలు లెక్కించిన కూడు దొరకునా?” యని తలిదండ్రులు సంశయించుచున్నారు. హైదరాబాదు నిజామియా వేధశాలలో పనిచేసిన యుద్యోగి కుమారుడు వైణు బప్పు విద్యార్థివేతనముతో హార్వర్డున కేగి, 1949లో తోకచుక్కను గనుగొనెను. 1971లో బెంగుళూరు ఖగోళభౌతికసంస్థకు ప్రథమాధిపతి యయ్యెను.

అందఱును వేధశాలలకే పోనక్కఱలేదు. ఈ విద్యవలన నలవడు గణితము, కంప్యూటరుతో గొలతల రాసులను శోధించు నేర్పు, బ్యాంకులలోను, వాతావరణశాఖలోను, ఉపగ్రహనిర్మాణములోను అక్కఱకు వచ్చును. అధ్యాపకవృత్తియు గలదు.

పరిశోధకునికి ఎమ్మెస్సీ పిమ్మట అయిదాఱేండ్లు పట్టును. పరీక్షలో నెగ్గినవారికి అప్పుడు ప్రభుత్వవేతనము గలదు. అందాక బీదవిద్యార్థిని నిలుపుటయే కష్టము. దాతలారా! మన విద్యానిధినుండి యొక్క వేతనము నీ విద్యకు కేటాయింప ప్రార్థించుచున్నాను.