బాలికల వనవిహారము: శిబిర నిర్వహణము

(సంఘ వార్షిక మహాసభయందు మహిళాశాఖ పక్షమున చదివిన యుపన్యాసము)



ఈ మహాసభలో విద్యార్థివేతనములను గూర్చియు, వసతిగృహమును గూర్చియు, వివాహ వేదికను గూర్చియు పెద్దలు విపులముగా ప్రసంగించిరి. మహిళాశాఖకు లభించిన యీ స్వల్పకాలములో మేము ఒక చిన్న విషయమును మాత్రమే విన్నవింపదలచితిమి. అది మన యాడుపిల్లల యాటలను గూర్చినది. ఇంత పెద్దసభలో ఆటల ముచ్చటయా యని కొందరు నవ్వవచ్చును. నవ్వినను తుదిదాక వినవలయునని మా ప్రార్థన.

ఏటేట కార్తికమాసమున మన సంఘము వనసమారాధనము జరుపుచున్నది. ఉసిరిచెట్టునకు పూజ, పిమ్మట విందు, ఆ పిమ్మట సన్మానములు. ఆనాడు మగపిల్లలు భోజనమునకు పిలిచినను రాక మైదానమున బంతియాటలో మునిగియుందురు. మరి యాడుపిల్లలెక్కడ? పట్టుపరికిణీలు కట్టుకొని, తల్లుల ప్రక్కన చాపలపై నొదిగి కూర్చుండి, విస్తళ్లు వేయుచు, మంచినీళ్లందించుచు, చంటిపిల్లల నెత్తుకొని యుందురు. లేచి నాలుగడుగులు పరుగెత్తినచో, "పరికిణీ మాయును, కూర్చుండు" మని మనమే కేకవేయుదుము. వనమునకు పోయియు వనమును జూడక తిరిగివచ్చువారు మన బాలికలే.

ఇది మన పూర్వాచారమని యెవరైన ననుకొన్నచో అది పొరపాటు. ఆశ్వయుజ బహుళ తదియనాడు అట్లతద్ది కదా! తెల్లవారకముందే లేచి, చద్దియన్నము తిని, చీకటిలోనే వీధులలో నాటలాడి, చెట్లకు కట్టిన యుయ్యాలల నూగిన వారు మన యమ్మమ్మలు. తెలంగాణమున బతుకమ్మకు ముందు కన్నెపిల్లలు బొడ్డెమ్మ నుంచి, చుట్టును తిరిగి పాడుదురు. ధనుర్మాసమున గొబ్బెమ్మల పేరిట బాలికలు ఇల్లిల్లు తిరుగుటయు నట్టిదే. ఏడాదిలో కొన్ని దినములైనను బయలును, చీకటిని, చెట్టుకొమ్మను ఆడుపిల్లల కప్పగించిన సంప్రదాయమది. నేడు చెట్లు పోయినవి, వీధులు వాహనములతో నిండినవి. ఇండ్లు మూడవ యంతస్తునకును, ఆటలు చేతి ఫోనులోనికిని ఎక్కినవి. పండుగ పేరు మిగిలినది గాని, ఉయ్యాల మిగులలేదు.

ఆడుపిల్లలను బయటకు పంపుట అన్నిచోట్లను వాదమునకు లోనైన విషయమే. 1909వ సంవత్సరమున లండనునందు బాలుర స్కౌటు సమావేశమునకు కొందరు బాలికలు పిలువకయే వచ్చి, తామును స్కౌటులమే యని నిలిచిరి. దాని ఫలితముగా మరుసటి యేట గర్ల్ గైడ్సు సంస్థ యేర్పడెను. 1911లో నది మనదేశమున జబ్బల్‌పూరునందు అడుగిడెను. 1951లో నిచటి గైడ్సు సంస్థ భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో చేరెను. 1966లో పూనా నగరమున 'సంగం' అను పేర ప్రపంచ గైడ్ల కేంద్రమొకటి వెలసెను.

మన తెలుగునాట సైతము నిదర్శనములకు కొదువ లేదు. 1923లో కాకినాడ కాంగ్రెసు సందర్భమున జరిగిన ఖద్దరు ప్రదర్శనశాల ద్వారమున స్వచ్ఛందసేవికగా నిలిచి, టిక్కెట్టు లేనందున నెహ్రూగారినే లోనికి పోనీయని బాలిక దుర్గాబాయి. 2014 మే 25వ తేదీన, పదునాలుగేండ్లు నిండకముందే, నిజామాబాదు జిల్లా పాకాల గ్రామమునకు చెందిన మాలావత్ పూర్ణ ఎవరెస్టు శిఖరము నధిరోహించెను. ఆ బాలిక కొండయెక్కుట నేర్చినది మన భువనగిరి గుట్టమీదనే. బాధ్యత నప్పగించినచో మోయగల భుజములు బాలికలకు గలవనుటకు ఇంతకు మించిన సాక్ష్యమేల?

ఈ తలంపులతో మహిళాశాఖ గడచిన పుష్యమాసమున తొలి ప్రయత్నము చేసినది. ఇరువదినలుగురు బాలికలను దీసికొని, కొండవీటి కొండ దాపున నొక పాఠశాల భవనమున రెండు రాత్రులుంటిమి. మా జయములకంటె మా పొరపాట్లే మీకెక్కువ యుపయోగపడునని తలచి, వానినే ముందుగా చెప్పుచున్నాము.

మొదటి పొరపాటు: కార్యక్రమమునంతయు మేమే వ్రాసితిమి. ఉదయము ఐదు మొదలు రాత్రి తొమ్మిదివరకు గడియారపు ముల్లునకు బాలికలను కట్టివేసితిమి. యోగాభ్యాసము, నీతిబోధ, పెద్దల సందేశము, మరల నీతిబోధ. మొదటి సాయంకాలమునకే పిల్లలు ఆవలింపసాగిరి. రెండవ సాయంకాలము ఉపన్యాసమీయవలసిన పెద్దమనిషి వాహనము దారిలో చెడిపోయి, వారు రాలేకపోయిరి. మేము కంగారుపడుచుండగా బాలికలే నాలుగు జట్లుగా విడివడి ఆటలు నిర్ణయించుకొనిరి. ఒక జట్టు ఏడుపెంకులాట, ఒక జట్టు ఖోఖో. రాత్రి వారే యొక చిన్న నాటకమును కల్పించి, అందు మా వేషములే వేసి, మేము కేకలువేయు తీరును చూపించిరి. మేము కన్నీరు వచ్చునట్లు నవ్వితిమి. ఇంటికి వచ్చిన పిమ్మట శిబిరములో నేమి నచ్చినదని యడిగినచో, అందరును చెప్పినది ఆ సాయంకాలమును గూర్చియే. ఉపన్యాసకుడు రాకపోవుట మా శిబిరమునకు గలిగిన మహాభాగ్యము. ఈ మాట నుపన్యాసముననే చెప్పవలసివచ్చినందులకు క్షమింపుడు.

రెండవ పొరపాటు వంటను గూర్చినది. స్వయంపాకము నేర్పుదమని మూడుపూటలు బాలికలచేతనే వంట చేయించబోతిమి. ఒక పిల్ల, "ఇంటిలోను ఇదే కదా, పిన్నిగారూ!" అనెను. ఆ మాట మమ్ము పొడిచెను. ఆనాటినుండి ఒక్కొక్క జట్టు శిబిరమంతటిలో ఒక్కపూట మాత్రమే మూడురాళ్ల పొయ్యిపై వండునట్లును, తక్కిన వేళలు వంటమనిషి చూచుకొనునట్లును మార్చితిమి. అగ్నిని రాజేయుట, ఆర్పుట నేర్చుకొనుట ఆట. ముప్పూటల వండుట చాకిరి.

మూడవది అన్నిటికంటె పెద్దది. రెండవనాటి యుదయమున పదమూడేండ్ల బాలిక కొకతెకు నెలసరి వచ్చెను. మాలో కొందరు వెంటనే తండ్రికి కబురుపెట్టి యింటికి పంపుదమనిరి. ఆ మాట లన్నవారిలో ఈ యుపన్యాసము సిద్ధము చేసిన మేమును ఉంటిమి. ఆ పిల్ల గోడవైపు తిరిగి యేడ్చుచు, "అత్తయ్యగారూ, నేనేమి తప్పు చేసితిని?" అని యడిగెను. మావద్ద జవాబు లేదు. ఆమె నుంచితిమి. ఆ మధ్యాహ్నము కొండమెట్లను తక్కినవారితో సమముగా నెక్కి, రెడ్డిరాజుల కోటగోడపై గూర్చుండి నారింజతొనలు పంచిపెట్టెను. నెలసరి గుడ్డలు, వానిని పారవేయుటకు మూత గల బుట్ట, చాటైన స్నానశాల, చాలినన్ని నీళ్లు, ఇవి సిద్ధముగా నున్నచో ఆ దినమును తక్కిన దినమువంటిదే. ఇవి లేని చోటికి బాలికలను దీసికొనిపోవుటయే తప్పు.

ఇక శిబిరమును తలపెట్టు శాఖలవారి కుపయోగించు విధానమును సంగ్రహముగా చెప్పెదము.

వయస్సు ననుసరించి భారముండవలయును. ఎనిమిదినుండి పదేండ్లవారికి పగటి విహారము చాలును. పదునొకండు మొదలు పదమూడువరకు ఒక రాత్రి, ఆపై వారికి రెండు మూడు రాత్రులు. ఆరుగురి కొక జట్టు. జట్టునకు నాయకురాలిని పెద్దలు గాక బాలికలే యెన్నుకొనవలయును. కార్యక్రమమున సగము వేళను వారి కొదలివేయవలయును. ఎనమండ్రు బాలికల కొక స్త్రీ చొప్పున పర్యవేక్షకు లుండవలయును.

కాలమును గూర్చి: కార్తికము రమ్యమైనదే గాని, అది తుపానుల కాలము. దివిసీమను ముంచిన 1977 నవంబరు 19వ తేదీ ఉప్పెన కార్తికములోనిదే. కావున తీరజిల్లాలవారికి పుష్యమాసపు సెలవులు మేలు. ఏ మాసమైనను వాతావరణశాఖవారి సూచనను చూడక బయలుదేరరాదు. ఉరుము వినబడినతోడనే చెట్టుక్రింద నిలువక పక్కాభవనములోనికి పోవలయును.

స్థలమును పగలొకమారు, రాత్రి యొకమారు ముందుగా పోయి చూడవలయును. పగలు చల్లగా గనబడిన చోటు రాత్రి చీకటికొట్టు కావచ్చును. అడవిలో నుండదలచినచో అటవీశాఖవారి యనుమతి తప్పదు. నీటిని కాచి త్రాగవలయును. విరేచనములు పట్టుకొన్నచో లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చిన్నచెంచాల చక్కెరయు, అరచెంచా ఉప్పును కలిపి మాటిమాటికి త్రాగించుచు వైద్యుని చూపవలయును. పాము కరచినచో గాటుపెట్టుట, నోట పీల్చుట, బిగించి కట్టుట, మంత్రగానికొరకు వేచుట కూడదు. కరచిన యవయవమును కదలనీయక, విషమునకు విరుగుడు సూదిమందు గల యాసుపత్రికి తక్షణమే చేర్చవలయును. ఆ యాసుపత్రి యెక్కడనో బయలుదేరకముందే తెలిసికొని యుండవలయును.

మరియొక మాట, చెప్పుటకు కష్టమైనను చెప్పక తప్పదు. ఏ పెద్దవారును, స్త్రీయైనను పురుషుడైనను, ఒక బాలికతో నొంటిగా నుండరాదను నియమము మొదటినుండి పాటింపవలయును. బాలలను లైంగిక నేరములనుండి రక్షించుటకై 2012లో పార్లమెంటు చేసిన చట్టము ప్రకారము, అట్టి నేరము జరిగినదని తెలిసినవారు పోలీసులకు తెలుపక దాచుటయు నేరమే. సంఘము పరువు పోవునని మౌనము వహించు పద్ధతికి ఇచట తావులేదు. 1098 అను బాలల సహాయ సంఖ్యను ప్రతి బాలికకును కంఠస్థము చేయింపవలయును.

వినోదమునకు ధనమెక్కువ యక్కరలేదు. కోతికొమ్మచ్చి, దాగుడుమూతలు, తొక్కుడుబిళ్ల, ఒక బలమైన మోకుతో చింతకొమ్మకు ఉయ్యాల. గుంటూరు ప్రాంతమువారు ఉప్పలపాడు చెరువునకు పోయినచో, గూడబాతులు పిల్లలకు మేతపెట్టు వింతను గట్టుమీదనుండియే చూడవచ్చును. రాత్రి దీపము లార్పి, మనవారు పిల్లలకోడి యని పిలుచు కృత్తికలను వెదకి, కార్తికమున కా పేరెట్లు వచ్చినదో బాలికలచేతనే చెప్పింపవచ్చును. పగలు నేలపై కర్రనాటి నీడ జరుగుటనుబట్టి దిక్కులు గుర్తించుట నేర్పవచ్చును. దారి తెలిసిన పిల్ల దారితప్పిన నాడును బెదరదు.

తుదకు, ఈ సభలో కొందరికి రుచింపని మాట యొకటి. మా వంటమనిషి తన పన్నెండేండ్ల కూతును వెంటబెట్టుకొని వచ్చెను. వారు మన కులమువారు కారు. మొదటిసాయంకాలము ఆ పిల్ల స్తంభముచాటున నిలిచి ఆటను చూచుచుండెను. మేమెవరమును ఆమెను పిలువలేదు. మన బాలికలే, ఖోఖోలో నొకరు తక్కువైరని, చేయిపట్టి లాగికొనిపోయిరి. తెల్లవారుసరికి ఆమె యొక జట్టులో నుండెను. ఎవరు పంక్తిలో నెచట కూర్చుండవలయునను ప్రశ్న మా మనస్సులలో బుట్టెను గాని, ఆ పిల్లలలో పుట్టలేదు.

ఈ యేటి దరఖాస్తు పత్రములో "మన కులమువారికి మాత్రమే" యను పంక్తి యుండవలయునా యని మహిళాశాఖలో రెండు సమావేశములు వాదము జరిగెను. సంఘధనము సంఘసభ్యులది గదా యని కొందరనిరి. ఆ మాటలో న్యాయము లేకపోలేదు. కాని చదువులో, ఉద్యోగములో, రేపటి యూరిలో మన బాలికలు అందరితో కలసి నడువవలసినవారు. ఆ నడకను వారికి నేర్పుటకే శిబిరమును బెట్టి, ద్వారముననే కంచె నాటుట యెట్లు? తుదకు ఆ పంక్తిని తీసివేయవలయునని యధికసంఖ్యాకులము నిశ్చయించితిమి. ప్రతి శిబిరమున నాలుగవవంతు చోటు ఇరుగుపొరుగు బాలికలకు, ఏ కులమువారైనను, ఈయవలయునని మా తలంపు. కాదనినవారును మాతో కలసియే ఈ యేటి శిబిరమునకు పనిచేయుచున్నారు.

కావున మహాసభవారు మూడు తీర్మానముల నామోదింపవలయునని ప్రార్థించుచున్నాము. బాలుర క్రీడలకు సంఘము వెచ్చించు ధనమునకు సమానమైన మొత్తమును బాలికల శిబిరములకు కేటాయించుట మొదటిది. నెలసరి కారణమున ఏ బాలికను శిబిరమునుండి తొలగింపకుండుట రెండవది. దరఖాస్తులోని ఆ పంక్తిని కొట్టివేయుట మూడవది.

వచ్చు కార్తికమున ఉసిరిచెట్టు నీడలో మనమందరము మరల కలిసికొందుము. ఆనాడు చాపలపై మన యాడుపిల్లలు కనబడకున్నచో ఎవరును కంగారుపడి కేకవేయవలదు. వారు మైదానములో నుందురు. విస్తళ్లను మనమే వేసికొందము.