ఆస్పత్రి అప్పు ఇచ్చేముందు



రేపల్లె అయినా బాపట్ల అయినా, పెద్ద జబ్బంటే మనం గుంటూరే పోతాం. పోయినేడు మా సంఘంలో ఒక చెల్లెలి భర్తకు అలాగే గుండెకు స్టెంటు వేశారు. ఎన్టీఆర్ వైద్య సేవ కిందే చేశారు. అయినా మంచి స్టెంటు కావాలంటే 20 వేలు కట్టమన్నారు. ఆ భయంలో ఎవరు ఎదురడుగుతారు? మేమే తీర్మానం రాసి అప్పు ఇచ్చాం. తర్వాత 104కి ఫోన్ చేస్తే రసీదు ఉందా అన్నారు. మా దగ్గరున్నది తెల్లకాగితం మీద ఒక అంకె, అంతే.

ఇది 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకమే. పేరు మారినప్పుడల్లా కార్డు చెల్లదేమోనని జంకుతాం. 2023 డిసెంబరులో పరిమితి 5 లక్షల నుంచి 25 లక్షలకు పెంచారు. మాలో సగం మందికి ఆ సంగతే తెలీదు. పథకంలో ఉన్న జబ్బుకి, పథకంలో ఉన్న ఆస్పత్రిలో ఆపరేషన్‌కి గానీ మందులకి గానీ మన దగ్గర డబ్బు తీసుకోకూడదు.

ఈమధ్య ఇంకో అక్క అత్తగారి ఆపరేషన్‌కి ఇద్దరం తోడు వెళ్లాం. ముందు ఆరోగ్యమిత్రను కలిశాం. అయినా కౌంటరులో 8 వేలు అడిగారు. "దేనికో రాసి రసీదు ఇవ్వండి, కడతాం" అన్నాం. లోపలికి పోయి వచ్చి, అక్కర్లేదమ్మా అన్నారు.

ఇప్పుడు ఆస్పత్రి అప్పు అడిగితే, ఆరోగ్యమిత్రను కలిశారా లేదా అన్నది మినిట్స్ పుస్తకంలో రాస్తున్నాం. దానికోసం అప్పు ఆపం. ప్రాణం మీదికొస్తే ఆ రాత్రే ఇస్తాం. ఆ చెల్లెలికి మాత్రం ఇంకా ఆరు కిస్తీలు మిగిలే ఉన్నాయి.