అదృష్టమను మాట

ఈ రజతోత్సవమున నన్నును మాటలాడుమనిరి. నేను పండితుడను కాను. పగలు లెక్కలు వ్రాసి, రాత్రులు ఈ గ్రంథాలయపు పుస్తకములు చదువుకొన్నవాడను. మాటను సైతము పద్దువలె తరచి చూచుట నాకు అలవాటైనది.

మన జల్‌పల్లిలో దినమునకు పదిమార్లు వినబడు మాట అదృష్టము. దృష్టము కానిది, అనగా కంటికి కనబడనిది, అదృష్టము. మంచి యని గాని చెడు అని గాని ఆ మాటలో లేదు. చేసిన కర్మకును దాని ఫలమునకును నడుమ నిలిచియుండు కనబడని దానికి వైశేషికులు ఈ పేరు పెట్టిరి. మనము దానిని మేలునకు మాత్రమే వాడుకొనుచున్నాము.

భాగ్యము వేరు. అది భాగమునకు చుట్టము; అనగా వాటా. మన ప్రాంతమున అందరి నోటను నలిగిన కిస్మతు, నసీబు అను అరబ్బీ మాటలకును అర్థము వాటాయే. భూమిని పంచుటను తక్సీమందుము గదా, కిస్మతు దాని తోబుట్టువు. ఎక్కడి సంస్కృతము, ఎక్కడి అరబ్బీ! రెండును ఒకే లెక్క వేసినవి.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టనబెట్టుకొన్నది. నేటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది బ్రతికిరి. అది వారి నసీబనుటకు నాకు అభ్యంతరము లేదు. కాని పోయినవారి సంగతిని నసీబని విడువలేదు. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు వాన లెక్కలు, ఏటి లెక్కలు తీసి జలాశయములు కట్టవలెననిరి. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో మనకు చేరువనే హిమాయత్‌సాగర్ పూర్తియైనవి.

ఇక నా సంగతి. దాచుకొనదగినదే, అయినను చెప్పెదను. ఒకప్పుడు ఒక రైతు కట్టిన బాకీని నేను వేరొకరి ఖాతాలో జమ వ్రాసితిని. అతనికి చదువు రాదు, రసీదు పోయినది. బాకీ యున్నదనగా వాదింపక, "గింతే నా నసీబు" అని మేకను అమ్మి మరల కట్టెను. ఏడాది చివర తప్పు నా కంటబడినది. అతనికి కనబడనిది నా చిట్టాలో, నా చేతివ్రాతలోనే యున్నది.

మరునాడు సొమ్ము తీసికొనిపోయి, తప్పు నాదని చెప్పి యిచ్చితిని. మేకను మాత్రము తెచ్చి యీయలేకపోతిని. అతడు రూపాయలు లెక్కపెట్టకయే రొంటిని దోపుకొని, "నా అదృష్టం మంచిగున్నదయ్యా" అనెను. ఆ మాటకు అర్థము చెప్పుటకు నాకు నోరు రాలేదు.