బావగారి క్యామ్రీ

వేసవి సెలవులు వచ్చాయంటే మనలో చాలామంది ఇళ్ళు మారుతుంటారు. పాత కారొకటి వెనక తగిలించుకుని దూరప్రయాణం చేయవలసిన పని ఎవరికైనా పడవచ్చు. అందుకని 2018 జులైలో నాకు ఎదురైన అనుభవం ఈరోజు మీతో చెప్పుకుంటాను.

మా బావగారు మెంఫిస్‌లో ఉండేవారు. ఆ జనవరిలో పోయారు. అక్కయ్య డాలస్‌లో మా దగ్గరకి వచ్చేయడానికి ఒప్పుకుంది గానీ ఒక్క మాట అంది. "ఆ కారు మాత్రం అమ్మొద్దురా తమ్ముడూ!" అది 2001 క్యామ్రీ. అక్కయ్య డ్రైవింగ్ నేర్చుకున్నది అందులోనే, బావగారిని పక్కన కూర్చోబెట్టుకుని. అప్పటికే దాని ట్రాన్స్‌మిషన్ పాడైంది. 450 మైళ్ళు నడుపుకుంటూ తేలేం. ట్రెయిలర్ అద్దె, గ్యాసు లెక్కవేసి మా ఆవిడ "పావలా కోడికి ముప్పావలా మసాలా" అంది గానీ, వద్దని మాత్రం అనలేదు.

నేనూ, పదహారేళ్ళ మా అబ్బాయీ నా పికప్‌లో మెంఫిస్ వెళ్ళాం. కారు లాగడానికి రెండు పద్ధతులున్నాయి. డాలీ మీద అయితే ముందు చక్రాలు మాత్రమే పైకి లేస్తాయి. క్యామ్రీ లాంటి ఫ్రంట్ వీల్ డ్రైవ్ కార్లకి అది చాలు. వెనక చక్రాలతో నడిచే ఆటోమేటిక్ కారుని అలా లాగితే, ఇంజన్ ఆగి ఉంటుంది కాబట్టి లోపల ఆయిల్ సరిగా తిరగక ట్రాన్స్‌మిషన్ కాలిపోతుంది. ఆల్ వీల్ డ్రైవ్ అయితే నాలుగు చక్రాలూ ట్రెయిలర్ మీదే ఉండాలి.

మా కారుకి డాలీ సరిపోయేదే. కానీ టైర్లు చూశాను. టైరు పక్కన డాట్ అన్న అక్షరాలతో మొదలయ్యే వరసలో చివరి నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం చెబుతాయి. మావి 3808, అంటే 2008లో 38వ వారం. పదేళ్ళ టైర్లని నమ్మలేక పూర్తి ట్రెయిలరే తీసుకున్నాను. సాయంత్రానికల్లా కారు ఎక్కించి, పట్టీలు బిగించి పెట్టాం.

తెల్లారి అక్కయ్యని విమానం ఎక్కించి మేం బయల్దేరాం. మిసిసిపీ నది దాటగానే ఆర్కన్సా. ఐ-40కి అటూ ఇటూ పచ్చటి వరిచేలు. కోనసీమ గుర్తొచ్చి మనసు ఎటో పోయింది. 55 మైళ్ళు దాటొద్దని ట్రెయిలర్ ఇచ్చినవాళ్ళు చెప్పారు. నేను 65లో ఉన్నాను. పక్కనుంచి పెద్ద ట్రక్కొకటి రివ్వున దాటిపోయింది. అంతే, ట్రెయిలర్ ఊగడం మొదలెట్టింది.

"నాన్నా, పక్క లేన్లోకి వెళ్ళిపోతోంది!" అని మావాడు అరిచాడు. కాలు బ్రేకు మీదకి వెళ్ళబోయింది. అలాంటప్పుడు బ్రేకు తొక్కితే పరిస్థితి ఇంకా విషమిస్తుందని ఎప్పుడో చదివాను. యాక్సిలరేటర్ వదిలేసి, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని కూర్చున్నాను. వేగం తగ్గేకొద్దీ ఊపు కూడా తగ్గింది. మహా అయితే పది సెకన్లు. నాకు మాత్రం చొక్కా తడిసిపోయింది.

తరువాతి ఎగ్జిట్‌లో ఆపి కారు ట్రంకు తెరిచాను. బావగారి పుస్తకాల పెట్టెలు, వెట్ గ్రైండరు, ఇత్తడి బిందె! రాత్రి మేం పడుకున్నాక అక్కయ్య సర్దిపెట్టింది. ట్రెయిలర్ మొత్తం బరువులో నూటికి పది నుంచి పదిహేను పాళ్ళు హిచ్ మీద పడాలి. ఇంజన్ ఉన్న వైపు ముందుకి పెట్టి కారు ఎక్కించేది అందుకే. వెనక బరువు పెరిగితే హిచ్ మీద భారం తగ్గి, తోక ఊగుతుంది. దానికి నా వేగం తోడైంది. సామానంతా పికప్‌లోకి మార్చాం. పట్టీలు కూడా కాస్త వదులయ్యాయి, మళ్ళీ బిగించాం. ఆపైన ప్రతి యాభై మైళ్ళకీ ఆగి చూసుకుంటూ, 55 దాటకుండా వచ్చాం. ఇల్లు చేరేసరికి రాత్రి పది దాటింది.

అక్కయ్య గుమ్మంలోనే నిలబడి ఉంది. కారు చుట్టూ ఒకసారి తిరిగి, ట్రంకు మీద చెయ్యి వేసి, "నా గ్రైండరు పదిలంగా వచ్చిందా?" అంది. వచ్చిందన్నాను. దారిలో సంగతి నేనూ చెప్పలేదు, మావాడూ చెప్పలేదు. ఈరోజు రేడియోలో వింటూ ఉంటుంది. అక్కయ్యా, తప్పు నీది కాదు. బయల్దేరేముందు ట్రంకు తెరిచి చూడకపోవడం నాది.