వినోదమునకొక హత్యాకథ



హత్యను గూర్చి వినోదముగా ముచ్చటించుట మర్యాదయేనా యని మీలో కొందరు సందేహింపవచ్చును. పగలంతయు ఫైళ్ళతో కుస్తీపట్టి యింటికి పోయిన పిదప మరల విచారణ లేమిటికని మరికొందరనవచ్చును. కాని అపరాధ పరిశోధక నవలయందలి సుఖమచ్చటనే యున్నది: అందు ఫైలు తప్పక ముగియును.

నేను చెప్పదలచినది 2022లో ఆంగ్లమున వెలువడిన ‘ది బెంగుళూరు డిటెక్టివ్స్ క్లబ్’ అను నవల. రచయిత్రి హరిణి నాగేంద్రగారు బెంగుళూరులోనే జీవావరణశాస్త్ర ఆచార్యులు. కథాకాలము 1921. నాయిక కావేరి, డాక్టరు రాము ఇల్లాలుగా క్రొత్తగా కాపురమునకు వచ్చినది, గణితమనిన ప్రాణము. సెంచరీ క్లబ్బులో విందు జరుగు రాత్రి ఆమె తోటలోనికి రాగా, పిలువని యతిథి యొకరు నీడలలో కనబడుదురు. అరగంటలో విందు కాస్తా హత్యాస్థలమగును.

ఆ క్లబ్బు కల్పితము కాదు. మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారు మైసూరు దివానుగా నుండగా 1917లో భారతీయుల కొరకై స్థాపించినది. వారి యింటిపేరు మన తెలుగునాటి గ్రామమని నేను మీకు జ్ఞాపకము చేయనక్కరలేదు! ఆనాటి బెంగుళూరు ఒక ఊరు కాదు, రెండు. పేట మహారాజుది; దండుప్రాంతము 1947 వరకు బ్రిటిషువారిది. వీధి దాటిన ప్రభుత్వము మారును. అట్టి నగరమున చీర కుచ్చిళ్ళు సవరించుకొనుచు ఒక యిల్లాలు వేశ్యాగృహము మొదలు తెల్లదొర భవనము వరకు హంతకుని జాడ తీయుచుండ, నవ్వు రాకుండునా? పుస్తకము చివర వంటల విధానములును గలవు.

ఇది మరీ తేలిక పుస్తకమని ఆక్షేపించువారున్నారు. సహాయనిరాకరణోద్యమము దేశమును కుదిపిన సంవత్సరమది. ఆ వేడి మరికొంత తగిలియుండిన బాగుండెడిదని నాకును తోచినది. అయినను కావేరి పూనుకొనుటకు కుతూహల మొక్కటియే కారణము కాదు. నేరముతో ముడిపడిన నిస్సహాయురాలి నొకతెను కాపాడవలెనని ఆమె పట్టుదల. విచారణలో మొట్టమొదట కాగితమున కెక్కిన మాటకెంత బలమో మన ఉద్యోగములవారి కెరుకయే. తనకై పలుకువారు లేనిదాని మాట కాగితమున కెక్కుటయే దుర్లభము. చచ్చినవాని కంటె, బ్రతికి నింద మోయవలసినదానిని గూర్చియే ఈ నవల యెక్కువగా తొందరపడును. అందుచేతనే ఇందలి హాస్యము నాకు ఎబ్బెట్టుగా తోచలేదు.

కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధరును మన పెద్దలు దాచుకొని చదివిరి. ఆ యుగంధరు తన కాలపువాడు. గతకాలమునకు పోదలచిన తెలుగు రచయితకు అదే 1921లో చీరాల లేదా? పురపాలక సంఘపు పన్నులను నిరసించి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున వేలాది జనులు ఇండ్లు విడిచి రామనగరమున పాకలు వేసికొని యించుమించు 11 నెలలు గడపిరి. తాళములు పడిన వీధులు, పొయ్యి రాజని ఇండ్లు. ఒక రాత్రి ఆ వీధులలో, మూసిన తలుపు వెనుక, దీపము వెలిగినదనుకొనుడు!