పొసగే చేర్పులు
(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)

 

డెబ్బై అయిదేళ్ల పండుగనాడు ప్రధానోపాధ్యాయిని లేచి నిలబడితే బడి చరిత్ర చెబుతుందని మీరు ఎదురుచూడడం సహజం. ఆ పనిని నాకంటె బాగా చేయగల పెద్దలు ఈ వేదిక మీదనే ఉన్నారు. నేను మాత్రం మన కంప్యూటరు గదిలో పిల్లలు ఆడుతున్న ఒక ఆటను గూర్చి, ఆ ఆటకు చేసికొనే చేర్పులను గూర్చి, ఆ వ్యవహారంలో నేను చేసిన ఒక తప్పును గూర్చి విన్నవించదలచుకొన్నాను. బడిలో ఆటలేమిటని కొందరు తల్లిదండ్రులు అడిగారు. వారికి కూడ ఇదే నా సమాధానం.

తెర మీద దిమ్మె మీద దిమ్మె పేర్చి ఇళ్లు, కొండలు, ఊళ్లు కట్టుకొనే ఆట ఇది. ఇందులో గెలుపు ఓటములు ముఖ్యం కావు, నిర్మాణమే ముఖ్యం. ఈ కోవలో జగత్ప్రసిద్ధమైనది ‘మైన్‌క్రాఫ్ట్’. స్వీడన్ దేశస్థుడు మార్కస్ పెర్సన్ 2009లో తొలిరూపం విడుదల చేయగా, 2011లో అది పూర్తి రూపంలో వెలువడింది. 2023 నాటికి 30 కోట్లకు మించి ప్రతులు అమ్ముడుపోయాయి. 2014లో డెన్మార్క్ ప్రభుత్వపు భూమాపన శాఖ తమ దేశాన్నంతటినీ యథాతథ పరిమాణంలో ఆ ఆటలో నిర్మించి పిల్లల చేతికిచ్చింది. కనుక ఇది కేవలం కాలక్షేపమని కొట్టివేయదగినది కాదు.

మన బడికి ప్రతి కంప్యూటరుకూ ఆ ఆట కొనే స్తోమత లేదు. అందుచేత మనం ఎంచుకొన్నది ‘లువాంటి’. ఫిన్‌లాండ్ దేశస్థుడు పెర్తు అహోలా 2010లో ‘మైన్‌టెస్ట్’ అనే పేరుతో ప్రారంభించిన ఉచిత సాఫ్ట్‌వేరు ఇది. 2024 అక్టోబరులో పేరు మార్చుకొన్నది. ఫిన్నిష్ భాషలో సృష్టి అనే మాటనూ, ‘లువా’ అనే కంప్యూటరు భాష పేరునూ కలిపి ఈ పేరు కూర్చారు. లువా 1993లో బ్రెజిల్‌లో పుట్టింది. పోర్చుగీసులో ఆ మాటకు చందమామ అని అర్థం. ఈ ఆటకు చేసే చేర్పులన్నీ ఆ భాషలోనే వ్రాయబడతాయి. చేర్పును ‘మాడ్’ అంటారు. కొత్త రకపు రాయి కావాలన్నా, తలుపు కావాలన్నా, దీపం కావాలన్నా ఎవరో ఒకరు వ్రాసిన మాడ్‌ను తెచ్చి చేర్చుకోవాలి.

మన పిల్లలు రెండు నిర్మాణాలు తలపెట్టారు. మొదటిది మన సంగనకల్లు గుట్టలు. ఈ గుట్టల మీద నవీన శిలాయుగపు మానవులు రాతి గొడ్డళ్లు చేశారని లోకానికి తెలిపినవాడు రాబర్ట్ బ్రూస్ ఫుట్. ఆయన 19వ శతాబ్దంలో ఇక్కడికి వచ్చాడు. 1946లో బి. సుబ్బారావు గారు ఇక్కడ తవ్వకాలు జరిపారు. ‘బళ్ళారి శిలాయుగ సంస్కృతులు’ అనే విషయం మీద ఆయన ఆంగ్ల గ్రంథం 1948లో వెలువడింది. హిరేగుడ్డ మీద కొట్టితే గంటవలె మ్రోగే నల్లరాళ్లున్న సంగతి మీకు తెలిసినదే. రాళ్ల క్వారీలు ఆ గుట్టను కొంత తినివేశాయి. అది పూర్వం ఎట్లుండేదో కట్టి చూపాలని పిల్లల సంకల్పం. రెండవ నిర్మాణం మన బడి తొలి కట్టడం, కూల్చివేసిన ఆ పాత రాతి మిద్దె.

మ్రోగే రాళ్ల కోసం పిల్లలు ‘మెసికాన్స్’ అనే మాడ్ తెచ్చుకొన్నారు. అందులో దెబ్బ కొట్టితే స్వరం పలికే దిమ్మె ఒకటి ఉంది. మిద్దె మెట్లకూ, అరుగులకూ, చూరుకూ ‘మోర్ బ్లాక్స్’ అనే మాడ్ తెచ్చారు. అందులోని వృత్తాకారపు రంపం నిండు దిమ్మెను పలకలుగా, మెట్లుగా కోసి ఇస్తుంది.

ఇక్కడే పొసగడం అనే మాట వస్తుంది. దొరికిన ప్రతి మాడ్ ప్రతి ఆటలోనూ ఇమడదు. లువాంటి స్వయంగా ఆట కాదు, అది రంగస్థలం వంటిది. బళ్ళారి రాఘవ గారి గడ్డ మీద పుట్టినవారికి రంగస్థలం సంగతి నేను వివరించనక్కరలేదు. ఏ నాటకం ఆడదలచామో ముందు నిర్ణయించుకోవాలి. ‘మైన్‌టెస్ట్ గేమ్’ ఒక నాటకం, ‘వాక్సెలిబ్రె’ మరొకటి. ఒకదానికి వ్రాసిన మాడ్‌ను ఇంకొకదానిలో చొప్పిస్తే హరిశ్చంద్రుని కాటిసీనులోకి శ్రీకృష్ణుడు కిరీటంతో వచ్చినట్లుంటుంది.

కారణం చాల చిన్నది. మొదటి ఆటలో రాయి పేరు ‘డిఫాల్ట్ స్టోన్’. రెండవ దానిలో అదే రాయి పేరు ‘ఎంసీఎల్ కోర్ స్టోన్’. వస్తువు ఒకటే, పేరు వేరు. మాడ్ ఒక పేరు పిలుస్తుంది, ఆ పేరు గలవాడు అక్కడ ఉండడు.

ఈ చిక్కు మన ఊరివాళ్లకు కొత్త కాదు. సంగనకల్లు అని విన్న పైఊరి తెలుగు పిల్లవాడు కల్లు దుకాణం ఎక్కడని అడుగుతాడు. కన్నడం తెలిసినవాడికి కల్లు అంటే రాయి. హిరేగుడ్డ అంటే తెలుగువాడికి బట్ట గుర్తుకు వస్తుంది, కన్నడిగునికి గుట్ట కనబడుతుంది. అయితే పెండ్లిలో వధువు సన్నికల్లు తొక్కుతుంది కదా! ఆ కల్లు రాయే. మన భాషలో కూడ ఆ అర్థం ఒక మూల దాగియున్నది. లువాంటిలో ఇటువంటి దానికి ఉపాయం ఉంది. ఈ పేరును ఆ పేరుగా కూడ గ్రహించుమని ‘మారుపేరు’ నమోదు చేయవచ్చు. రెండు భాషలు తెలిసిన పిల్లవాడు ఇరుగుపొరుగుల మధ్య చేసే పని అదే.

ఇక చేర్పు చేసికొనే క్రమం చెబుతాను. పిల్లలూ, శ్రద్ధగా వినండి.

మొదటిది, మీ ఆట ఏదో, దాని సంఖ్య ఏదో తెలిసికొనండి. 2019లో వచ్చిన 5.0 సంఖ్య గల రూపంతో, అంతకు ముందరి 0.4 రూపపు సర్వర్లలో చేరడం సాధ్యం కాకపోయింది. మైన్‌క్రాఫ్ట్ ఆడేవారికి ఈ జాగ్రత్త మరింత అవసరం. జావా రూపానికి వ్రాసిన మాడ్ బెడ్‌రాక్ రూపంలో పనిచేయదు. జావాలోనైనా ఫోర్జ్‌కు వ్రాసినది ఒకటి, ఫ్యాబ్రిక్‌కు వ్రాసినది మరొకటి. ఆట సంఖ్య, మాడ్ సంఖ్య సరిపోలాలి.

రెండవది, ఆ మాడ్ దేనిమీద ఆధారపడినదో చూడండి. మాడ్ ఫోల్డరులో సాధారణంగా ‘మాడ్ డాట్ కాన్ఫ్’ అనే చిన్న చీటీ ఉంటుంది. తప్పనిసరిగా కావలసిన తోడు మాడ్‌లు ఏవో, ఉంటే మంచిదనదగినవి ఏవో అందులో వ్రాసియుంటుంది. ఆటలోని ‘కంటెంట్’ పుట నుంచి తెచ్చుకొంటే, కావలసిన తోడు మాడ్‌లను అదే చూపి తెచ్చిపెడుతుంది. చేతితో తెచ్చుకొంటే ఫోల్డరు తెరవగానే ‘ఇనిట్ డాట్ లువా’ కనబడాలి. ఫోల్డరులో మరో ఫోల్డరు ఉంటే ఆట దానిని గుర్తించక పోవచ్చు.

మూడవది, తెచ్చిపెట్టడం వేరు, వాడుకలోకి తేవడం వేరు. మీ ప్రపంచాన్ని ఎంచుకొని, మాడ్‌ల జాబితాలో గుర్తు పెట్టి, భద్రపరచితేనే అది పనిచేస్తుంది. పుస్తకం కొన్నంత మాత్రాన పాఠం రాదు కదా!

నాల్గవది, ఒక్కొక్కటిగా చేర్చి చూడండి. పది ఒక్కసారి చేర్చి ఆట ఆగిపోతే దోషి ఎవరో తెలియదు. ఆగినప్పుడు ‘డీబగ్ డాట్ టెక్స్ట్’ అనే ఫైలు తెరవండి. మొదటి తప్పు ఎక్కడ వచ్చిందో, ఏ మాడ్‌లో వచ్చిందో అందులో ఉంటుంది.

అయిదవది, నమ్మదగిన చోటనుంచే తెచ్చుకొనండి. 2023 జూన్‌లో మైన్‌క్రాఫ్ట్ మాడ్‌ల ద్వారా ‘ఫ్రాక్చరైజర్’ అనే హానికర ప్రోగ్రాము వ్యాపించింది. లువాంటిలో మాడ్‌లు కంప్యూటరులోని ఇతర ఫైళ్లను ముట్టకుండ ఒక కట్టడి ఉంది. అది తొలగించమని అడిగే మాడ్‌ను పెద్దలకు చూపకుండ ఒప్పుకోవద్దు.

ఆరవది అన్నిటికంటె ముందు చేయవలసినది. చివర ఎందుకు చెబుతున్నానంటే, నేను చేయనిది అదే గనుక. ఏ చేర్పు చేసినా, ఏది తీసినా, ముందు మీ ప్రపంచపు ఫోల్డరును మొత్తంగా మరొక చోటికి నకలు తీసికొనండి.

ఈ ఉత్సవానికి ఇంకా నెల రోజులుందనగా ఆట నెమ్మదించింది. మాడ్‌లు ఎక్కువైతే అట్లు జరుగుతుందని ఎక్కడో చదివాను. ఒక శనివారం సాయంత్రం జాబితా తెరిచి, నాకు పేరు తెలియని వాటికెల్ల గుర్తు తీసివేశాను. నకలు తీసికొందామా మేడమ్ అని ఎనిమిదవ తరగతి విద్యార్థిని ఒకతె అడిగింది. తరువాత చూద్దాంలే అన్నాను. ప్రపంచం తెరచేసరికి పాత మిద్దె మెట్లు లేవు, అరుగు లేదు, చూరు లేదు. వాటి చోట ‘తెలియని దిమ్మె’ అనే ఆంగ్లాక్షరాలతో వికారమైన దిమ్మెలు నిలిచి ఉన్నాయి. పాడైనవనుకొన్నాను. అతిథులు చూసే వస్తువు కదా అని, పిల్లలచేత వాటిని తీయించి మామూలు రాళ్లు పెట్టించసాగాను. ముందరి మెట్లన్నీ పోయాయి.

అప్పుడు ఆ అమ్మాయి, “ఇంకేదీ తీయించవద్దు మేడమ్. అవి పాడు కాలేదు. వాటి పేరు ఇంకా అక్కడే ఉంది. ఆ పేరుకు అర్థం చెప్పే మాడ్‌ను మనం పంపించివేశాం, అంతే” అన్నది.

ఆమె మళ్లీ మోర్ బ్లాక్స్‌కు గుర్తు పెట్టింది. అరుగు వచ్చింది, చూరు వచ్చింది. మేము చేయి పెట్టనిదంతా యథాస్థానంలో ప్రత్యక్షమైంది. లువాంటి తనకు తెలియని దిమ్మెను కూడ పారవేయదు. అర్థం చెప్పేవారు వచ్చేవరకు పేరుతో సహా దాచిపెడుతుంది. మైన్‌క్రాఫ్ట్‌లోనైతే మాడ్ లేకుండ తెరచి భద్రపరచిన చోట ఆ దిమ్మెలు సాధారణంగా శాశ్వతంగా పోతాయట. మేము త్రవ్విపారవేసిన మెట్లు మాత్రం రాలేదు. వాటిని నాశనం చేసినది మాడ్ కాదు, నా తొందరపాటు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మన బడి మద్రాసు రాష్ట్రంలో పుట్టింది. 1953 అక్టోబరు 1న మైసూరు రాష్ట్రంలో కళ్లు తెరిచింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రలో నిలిచాయి, మనం ఇటు వచ్చాం. నాటినుంచి ఈ బడి కన్నడాన్ని చేర్చుకొన్నది, ఆంగ్లాన్ని చేర్చుకొన్నది, ఇప్పుడు కంప్యూటరును చేర్చుకొన్నది. ఏ చేర్పునూ నేను కాదనను. పొసగించుకొన్నంతవరకు ప్రతి చేర్పూ లాభమే. కాని మీ ఇళ్లలో పాత ట్రంకుపెట్టెలు ఉన్నాయి. వాటిలో తాతగారి ఉత్తరాలు, అమ్మమ్మ వ్రాసికొన్న పాటల పుస్తకం, పొలం కాగితాలు ఉన్నాయి. తెలుగు రాని మనుమడి కంటికి అవి తెలియని దిమ్మెలు. పాడైనవి కావు, చదివేవారు లేనివి. ఇల్లు శుభ్రం చేసేనాడు అవి పాత కాగితాల వాని తక్కెడలోకి పోతాయి. నేను చేసినదీ అదే.

తల్లిదండ్రులారా, పిల్లలను ఏ మాధ్యమంలో చదివించాలన్నది మీ నిర్ణయం. మా ఒకటవ తరగతిలో బల్లలు ఏటేటా ఖాళీ అవుతున్న సంగతి నేను దాచను. ఎక్కడ చదివించినా, జాబితాలో తెలుగుకు పెట్టిన గుర్తును మాత్రం తీసివేయవద్దని ప్రార్థన. నకలు లేని వస్తువు విషయంలో తొందర పనికిరాదు.

చివరగా ఒక మనవి. ఆ మెట్లను పిల్లలు ఒక తొలినాటి విద్యార్థి చెప్పగా విని కట్టారు. ఆయన గత వేసవిలో స్వర్గస్థులైనారు. మెట్లు ఆరని ఒక పిల్లవాడు, ఏడని ఇంకొకడు అంటున్నారు. ఉన్న ఒక్క ఛాయాచిత్రంలో మెట్ల మీద విద్యార్థులు కూర్చొని ఉండడం చేత లెక్క తెలియడం లేదు. ఈ సభలో ఆ మెట్లెక్కి బడికి వచ్చినవారు ఉన్నారు. అవి ఎన్నో, ఏ మెట్టు అంచు విరిగి ఉండేదో జ్ఞాపకమున్నవారు భోజనానంతరం కంప్యూటరు గదికి దయచేసి పిల్లలకు చెప్పగోరుతాను. ఈసారి నకలు తీసికొన్న తరువాతనే కడతాము.